మళ్ళ వస్తరా అని అడిగేటి ట్యాబు

నేను కోరుట్లల నర్సుగ చేసే దవాఖాన పెద్దది. జగిత్యాలల ఒక బ్రాంచి, సిరిసిల్లల ఒక బ్రాంచి, మాదొకటి. మేనేజ్‌మెంటు మాత్రం హైదరాబాదుల కూసుంటది. ఆళ్ళకు మేం కనవడం, మా మార్కులు కనవడ్తయి.

ఒకనాడు డిశ్చార్జి కౌంటర్ల ఒక ట్యాబు పెట్టిన్రు. ఇంటికి పొయ్యే పేషెంటు దాంట్ల ఒక్క ప్రశ్నకు జవాబియ్యాలె: 'మా ఆసుపత్రికి మళ్ళీ వస్తారా?' వస్త అంటె నవ్వే పచ్చమొఖం ఒత్తాలె, రాను అంటె ఏడ్సే ఎర్రమొఖం. ఏ వార్డుకు ఎర్రమొఖాలు ఎక్కువొస్తె ఆ వార్డు ఇన్‌ఛార్జికి మూడినట్టే. రెండో అంతస్తు వార్డు ఇన్‌ఛార్జిని నేనే.

ఇగ సూడుండ్రి తమాష. మామూలుగ మనం ఎవలింటికెళ్ళి లేసినా 'పోయొస్త' అంటం. ఒట్టిగ 'పోత' అంటె ఇంటామె మొఖం మాడ్సుకుంటది. దవాఖాన కాడ అంత ఉల్టా. ఆడికెళ్ళి బయటవడేటప్పుడు 'వస్త' అనే మాట నోట్లెకెళ్ళి రావద్దు, ఎనుకకు తిరిగి సూడొద్దు. 'మళ్ళ నీ మొఖం సూసే గతి వట్టొద్దు బిడ్డా' అని నా గదువ పట్టుకొని ముద్దు వెట్టి పోయినోళ్ళు ఎంతమందో! మాకు గదే దీవెన. అసొంటోళ్ళ ముంగట ట్యాబు పెట్టి మళ్ళ వస్తరా అంటె ఏమొత్తుతరు? ఎర్రమొఖమే. కొందరైతే గట్టిగ తగలాలని రెండు మూడుసార్లు ఒత్తిన్రు.

మిగిలిన వార్డులోళ్ళు ఉషారు. పేషెంటు చేతికియ్యకుంట ఆళ్ళే పచ్చదొత్తి పంపేటోళ్ళు. నేనేమో మొండిదాన్ని. ఒత్తేది పేషెంటే ఒత్తాలె అంటి. నెల తిరిగేసరికి అందరికంటె కింద మా వార్డే ఉన్నది.

సిరిసిల్లకు బదిలీ అని కాయితం వచ్చింది. మా ఆయన లారీ మీద పోతె వారానికొక్కసారి ఇంటికొస్తడు. బిడ్డ పదో తరగతి. పొద్దుగాల నేను సిరిసిల్ల బస్సెక్కితె మాపటిదాక పిల్ల ఇంట్ల ఒక్కతే. కాయితం సదివితె నాకు ఏడుపు రాలె, కోపమొచ్చింది. హైదరాబాదు మేనేజరుకు ఫోన్ జేసి ఉన్న సంగతి చెప్పిన.

'సాకులు చెప్పకండి సిస్టర్. డేటా అబద్ధం చెప్పదు' అన్నడు.

'డేటాకు మా ఊరు తెల్వది సార్. ఒక్కపారి వచ్చి కౌంటర్ కాడ నిలవడుండ్రి' అన్న. అన్నంక భయమైంది. వారం దినాలు ఆయన్ని తిట్టని తిట్టు లేదు. ఆ మనిషి నిజంగనే వచ్చిండు.

గా దినం మల్లాపూర్ అవ్వ డిశ్చార్జి. తుంటి ఇరిగి పదిహేను దినాలు మా వార్డుల ఉన్నది. మేనేజరు వంగి మంచిగనే అడిగిండు.

'ఇక్కడ బాగా చూసుకున్నారా అమ్మా?'

'మస్తు సూసుకున్నరయ్యా. గీ బిడ్డయితే నన్ను కన్నతల్లి లెక్క లేపి నడిపిచ్చింది.'

'అయితే మళ్ళీ వస్తారా?'

అవ్వ వాకరు ఎత్తి నేలకేసి కొట్టింది. 'నీ నోట్లె మన్నువడ! రెండో తుంటి గూడ ఇరగాల్నా కొడుకా?'

ఆయన తెల్లవోయిండు. అయినా ఇడువలె. 'పోనీ, మీ బంధువులనైనా పంపిస్తారా?'

'మా సుట్టాలు నీకేం పాపం జేసిన్రు?' అని అవ్వ ట్యాబు గుంజుకొని ఎర్రమొఖాన్ని ఏలు పెట్టి అదిమింది. అటెనుక కొంగుముడి ఇప్పి రెండు పసుపుకొమ్ములు నా చేతిల పెట్టింది. 'మా చేన్లయి బిడ్డా. దసరకు నువ్వు మా ఇంటికి రావాలె' అన్నది. ఇగ ఎనుకకు తిరిగి సూడకుంట పోయింది.

మేమందరం నవ్వాపుకోలేక సస్తున్నం. మేనేజరు నవ్వలె. నా చేతిల పసుపు దిక్కు, ట్యాబు దిక్కు మార్చి మార్చి సూసిండు.

'ఏమడిగితే బాగుంటుంది సిస్టర్?' అన్నడు మెల్లగ.

'మంచిగ సూసుకున్నరా అని అడుగుండ్రి సార్, సాలు.'

ఆడనే నిలవడి ఫోన్ జేసి నా బదిలీ ఆపిచ్చిండు. నాకు అప్పుడొచ్చింది ఏడుపు. బాత్రూంలకు పోయి మొఖం కడుక్కొని వచ్చిన.

సాయంత్రం కారెక్కే ముందు ఆయన మా వార్డుకు వచ్చిండు. 'వెళ్ళొస్...' అనవోయి ఆగిండు. ఎక్కడున్నడో యాదికొచ్చినట్టుంది, గొంతు సవరించుకొని 'వెళ్తున్నా సిస్టర్' అన్నడు.

'అయ్యో సార్, గట్లనొద్దు! మీరేమన్న పేషెంటా? పోయొస్త అనుండ్రి!' అని అందరికన్న ముందు ఒర్రింది నేనే. వారం దినాల సంది గీ మనిషి మొఖం సూపియ్యకు దేవుడా అని కొండగట్టుకు మొక్కినదాన్ని, నా నోటితోనే మళ్ళ రమ్మన్న.