యాదమ్మ కాలు వెయ్యనంది

ఆ సోమవారం అమీర్‌పేటలో కొత్త బ్యాచ్‌కి నా డెమో క్లాసు. బోర్డు మీద రాస్తుంటే ముందు వరసలోని అమ్మాయి, "మేడమ్, మీ చెప్పు" అంది. ఎడమకాలి చెప్పు నాకు రెండడుగుల వెనక పడి ఉంది. అది ఎప్పుడు జారిందో నాకు తెలియనే లేదు. నవ్వేసి తొడుక్కున్నాను.

ముందురోజు కొలీగ్స్‌తో కలిసి ఒక కొండ ప్రాంతానికి పారాగ్లైడింగ్‌కి వెళ్లాను. నేను ముందు, పైలట్ నా వెనక, ఇద్దరికీ ఒకటే రెక్క. గాలి దిక్కు మారుతోంది, అరగంట ఆగుదాం అన్నాడతను. "బస్సు టైమైపోతోందండీ, మావాళ్లంతా ఎగిరేశారు కదా" అని పోరు పెట్టింది నేనే. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు ఎలా పట్టాలో నేర్పి బతికేదాన్ని, నాకు బెల్టులు కడుతున్న మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు. సీటు కింద దెబ్బ ఆపే మెత్త ఉందో లేదో కూడా చూసుకోలేదు.

దిగేటప్పుడు, ఇంకా రెండు నిలువుల ఎత్తులో ఉండగానే, రెక్క ఒక పక్క ముడుచుకుపోయింది. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నేలకు కొట్టుకున్నాను. పైలట్‌కి మోచేతులు గీరుకుపోయాయి. మావాళ్లు పరుగెత్తుకొచ్చి, చంకల కింద చేతులేసి లేపి, కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించారు. ప్రేమతోనే చేశారు పాపం. లేచి నాలుగడుగులు వేశాను కాబట్టి ఏమీ కాలేదనుకున్నాం. ఆరు గంటలు బస్సులో కూర్చునే వచ్చాను.

సోమవారం సాయంత్రానికి నడుం పట్టేసి, గోడలు పట్టుకుంటూ ఎస్.ఆర్. నగర్‌లోని మా హాస్టల్‌కి చేరాను. అక్కడ వంట చేసే యాదమ్మ ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి. అలాంటివాళ్లు కాలితో తొక్కితే పట్టేసిన నడుం వదులుతుందని మా కాకినాడ వైపు కూడా నమ్మకమే. చాప మీద బోర్లా పడుకుని ఆమెను పిలిచాను.

"యాదమ్మా, కొంచెం గట్టిగానే తొక్కండి. రేపు మళ్లీ క్లాసుంది."

ఆమె నన్ను దాటి అటు పక్కకు వెళ్లింది. "అయ్యో మేడం, మీ కాలు తొక్కిన" అంది.

"ఎప్పుడు?" అన్నాను.

"గిప్పుడే. మస్తు గట్టిగ తొక్కిన." వంగి నా పాదాన్ని గోరుతో గీకిందట. "తెలుస్తున్నదా?"

"ఎక్కడ గీకుతున్నారు?"

ఆమె లేచి వెనక్కి జరిగింది. "నేను కాలెయ్య బిడ్డ" అంది.

"ఏంటి యాదమ్మా, అందరికీ వేస్తారుగా?"

"అందరికి నడుము పట్టింది. నీది గట్ల లేదు. జర లేవకు, గట్లనే పండుకో. అంబులెన్సు పిలిపిస్త."

నాకు కోపమొచ్చింది. ఇంత చిన్నదానికి అంత గోల ఎందుకని విసుక్కున్నాను కూడా.

పంజాగుట్ట ఆసుపత్రి ఎమర్జెన్సీలో డాక్టర్ మొదట అడిగిన మాట, "యూరిన్ ఎప్పుడు పాస్ చేశారు?" ఉదయం నుంచి లేదు. రావాలని కూడా అనిపించలేదు. అప్పుడు పట్టుకుంది అసలు భయం. ఎమ్మారై చూసి స్పైన్ సర్జన్ చెప్పాడు: "ఎల్-వన్ బర్స్ట్ ఫ్రాక్చర్. నడుం దగ్గరి వెన్నుపూస చితికింది. ఎముక ముక్క నరాల మీద నొక్కుతోంది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి."

"నడుస్తానా డాక్టర్ గారూ?"

"నడుస్తారనే అనుకుంటున్నా. బ్లాడర్ సంగతి మాత్రం ఇప్పుడే మాట ఇవ్వలేను."

యాదమ్మ సంగతి చెప్పాను. "ఆవిడ కాలు వేసి ఉంటే మనం ఇప్పుడు వేరే మాటలు మాట్లాడుకునేవాళ్లం" అన్నాడు.

స్క్రూలు, రాడ్లు వేశారు. పక్కకు తిప్పాలంటే నలుగురు నర్సులు కలిసి దుంగను దొర్లించినట్టు తిప్పేవారు. ఆరో రోజు మూత్రం కోసం పెట్టిన క్యాథెటర్ తీశారు. ఎంతసేపు ప్రయత్నించినా చుక్క రాలేదు. మళ్లీ వేశారు. ఇన్‌ఫెక్షన్ వచ్చి చలిజ్వరంతో వణికాను. రెండోసారి తీసినా అంతే. జీవితాంతం ఈ గొట్టంతోనేనా అని మా అమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. మూడో వారంలో మూడోసారి తీశాక, సన్నగా ధార పడిన చప్పుడు విన్నాను. సిగ్గు లేకుండా బయటున్న నర్సును కేకేసి మరీ చెప్పాను.

పదకొండు నెలలైంది. నడుస్తున్నాను, స్టూలు మీద కూర్చుని పాఠాలు చెబుతున్నాను. ఎడమ పాదం అంచు ఇంకా మొద్దుగానే ఉంది. బ్లాడర్ నిండిన సంగతి సరిగా తెలియదు కాబట్టి మూడు గంటలకోసారి గడియారం చూసి బాత్‌రూమ్‌కి వెళ్తాను. ఎగరడం తప్పని అనను. ఆగుదామన్న పైలట్‌ను తొందరపెట్టడం మాత్రం నా తప్పే.

మొన్న హాస్టల్లో ఒక అమ్మాయి నడుం పట్టేసిందని చాప వేసుకుంది. యాదమ్మ నిలబడే అడిగింది. "ముందుగాల చెప్పు. యాడన్న పడ్డవా? ఒంటికి మంచిగ పోతున్నవా?" ఆ పిల్ల సిగ్గుపడి నవ్వింది. యాదమ్మ నవ్వలేదు.

మీరూ ఆ రెండూ అడగండి: ఎక్కడైనా పడ్డారా, మూత్రం సరిగా వస్తోందా. ఎత్తు నుంచి పడ్డ మనిషి నడుం నొప్పి అంటే, లేచి నడిచినా సరే, కూర్చోబెట్టకండి, తొక్కకండి. కదలకుండా పడుకోబెట్టి, అంబులెన్సులో ఆసుపత్రికి తీసుకెళ్లండి.