రాయిలో రంగులు

రాళ్ళక్క చెయ్యి పడితే బండరాయికి కూడా కళ వస్తుందని అందరూ అంటారు. గనుల్లో దొరికిన అందమైన రాళ్ళకు మురికి వదిలించి, జనం అద్దాల బీరువాల్లో పెట్టుకునేలా తయారుచేయడం ఆవిడ పని. ఆ రోజు మాత్రం ఆ పొగడ్త వింటుంటే ఆవిడకు గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది.

ఎదురుగా బల్లమీద కాల్సైటు రాయి. తేనెరంగు మొనలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి లేచిన గుత్తి. వెలుతురు లోపలికి దూరి అక్కడే కాపురం పెట్టినట్టుంటుంది. సొరంగాలు తవ్వి రిటైరైన ఒక తాతది అది. ఏళ్ళ తరబడి వాళ్ళ వంటింటి కిటికీలో ఉండి జిడ్డుపట్టి నల్లబడితే, భార్య పోరు పడలేక శుభ్రం చేయించడానికి తెచ్చాడు.

ఆ జిడ్డు చన్నీళ్ళకు వదిలిందా? ఊహూఁ. ఇంట్లో గిన్నెలు తోమే చేతులే కదా ఇవీ, అలవాటు ఊరుకోదు. ముందురోజు సాయంత్రం ఆవిడ విసుగెత్తి వేణ్ణీళ్ళు కుమ్మరించింది. వేడి ఒక్కసారిగా తగిలితే కాల్సైటు తట్టుకోలేదని కొత్తగా చేరినవాళ్ళందరికీ నూరిపోసే మనిషే! పొద్దున్న వచ్చి చూస్తే రాయి నడుమ ఇంద్రధనుస్సు, ఎర్రగా, పచ్చగా, నీలంగా.

కొట్టుకు వచ్చినవాళ్ళంతా దానిముందే ఆగిపోయారు. ఒకాయన ఫోటో కూడా తీసుకున్నాడు. రాళ్ళక్కకు మాత్రం తెలుసు. లోపల సన్నగా పగులు పుట్టింది కాబట్టే ఆ రంగులు. ఇక ఎక్కడ ఠక్కున తగిలినా రెండు ముక్కలే. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, కానీ ఏమీ తెలియక తాతావాళ్ళు దాన్ని సంచిలో పడేసి తీసుకెళ్తే?

తాత రానే వచ్చాడు. భార్య వెనకాల మెల్లగా నడిచొస్తోందట. రాళ్ళక్క ఉన్నదున్నట్టు కక్కేసింది. వేణ్ణీళ్ళు పోసింది తానేనని, ఆ రంగులు పగులువల్లనేనని.

తాత ముఖం మాడిపోయింది.

"ఇన్నేళ్ళు మా వంటింట్లో పడుంది. ఏం కాలేదు. నీ దగ్గర ఒక్క రాత్రి ఉండలేకపోయిందా అమ్మా?"

అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండుననిపించింది రాళ్ళక్కకు.

ఇంతలో మామ్మ లోపలికొచ్చింది. రాయిని చూసి, అలాగే నోరు తెరుచుకుని కుర్చీలో కూలబడింది. ఈ రంగులన్నీ ఆ మసికింద ఉన్నాయా, తానెన్నడూ చూడనేలేదే అని మురిసిపోయింది. తాత రాళ్ళక్క వైపు చూసి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఆడించాడు.

"ఉన్నాయి మరి. నువ్వెప్పుడైనా తుడిస్తేగా" అన్నాడు భార్యతో. రాయిని ఆవిడ చేతికివ్వకుండా తానే తువ్వాల్లో చుట్టి, గుండెకు ఆనించుకుని, అడుగులో అడుగేస్తూ గుమ్మం దాటాడు.

మామ్మ మాత్రం ఆగి రాళ్ళక్క చేతులు రెండూ పట్టుకుంది.

"బంగారంలాంటి చేతులు తల్లీ నీవి. ఇంట్లో దీని జత ఇంకోటుంది. రేపు తెస్తాను, దానిక్కూడా ఇలాగే రంగులు తెప్పించు."