మాసయ్య చెప్పుల జైలు

మాసయ్యకు ఒక్కటే పిచ్చి. క్లచ్ చెడిందని ఏ కారు వచ్చినా ముందు బానెట్ ఎత్తడు. బండి నడిపినవాళ్ల ఎడమకాలి చెప్పు అడుగుతాడు.

ఇటిక్యాల దగ్గర గద్వాల రోడ్డు పక్కన ఆయన రేకుల షెడ్డు. చెప్పు చేతికి రాగానే తిప్పి చూస్తాడు, వంచి చూస్తాడు, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు కూడా. ఆ తర్వాత మొదలవుతుంది తిట్ల దండకం. "ఓసి దొంగదానా! ఆయన సక్కగ నడుపుతుంటే నడుమల నీకేం పనే? పెడల్ మీద గంత బరువెందుకు మోపినవ్?" తిట్టడం అయ్యాక దాన్ని షెడ్డు గోడకు మేకు కొట్టి తగిలిస్తాడు. ఆ గోడ పేరు జైలు. హవాయి చెప్పులు, తోలు చెప్పులు, ఎవరిదో ఒక ఖాకీ రంగు బూటు, అన్నీ ఎడమవే. బతిమాలినా, బామాలినా ఒక్కదాన్నీ విడుదల చేసిన పాపాన పోలేదు.

ఒకసారి వనపర్తి నుంచి పెళ్లికొడుకు కారు వచ్చి ఆగింది. కేబుల్ మరీ బిగుసుకుపోయి క్లచ్ జారుతోంది. మాసయ్య కేబుల్ జర వదులు చేశాడు గానీ, కారు తనే నడుపుకుంటూ వచ్చిన పెళ్లికొడుకు ఎడమ బూటు మాత్రం జైల్లో వేశాడు.

"అన్నా, ఒక్క బూటుతోని పెండ్లికెట్ల పోవాలె?" అని పాపం ఆ పిల్లవాడు మొత్తుకున్నాడు.

"మండపం ఎక్కేటప్పుడు ఎట్లయిన ఇడిసేదే గద! ఒకటి జర ముందుగాల ఇడిసిన అనుకో."

ఈ సంగతి తెలిసి నాగర్‌కర్నూల్ శ్రవణ్ కుమార్ కావాలనే వట్టి కాళ్లతో వచ్చాడు. "ఇప్పుడేం చేస్తవే మాసన్నా?" అని సవాలు కూడా చేశాడు. మాసయ్య గడ్డం గోక్కుంటూ కారు చుట్టూ తిరిగి, పెడళ్ల కింద ఉన్న రబ్బరు మ్యాటును అరెస్టు చేశాడు.

మానవపాడు ఎస్తేరుకు ఈ జైలు కొత్త కాదు. కారు నేర్చుకునే రోజుల్లో ఆమె ఒక క్లచ్ ప్లేటును నిలువునా కాల్చేసింది. ఏడుపు మొహంతో నిలబడితే మాసయ్య ఆమె నీలం చెప్పు అందుకుని, "నీ కాలు బంగారం బిడ్డా, ఈ నీలపుదే దయ్యం" అని తేల్చేశాడు. ఎస్తేరు నమ్మేసింది. ఆనాటి నుంచి ఎడమకాలి చెప్పు విప్పకుండా స్టీరింగ్ పట్టదు. ఇప్పుడు విత్తన పత్తి చేలకు పోయే ఆడవాళ్లకు ఆమె కారే కావాలి, దవాఖానకు పోవాలన్నా ఆమె కారే కావాలి.

ఆ కారు ఆమె, ఒకే ఇంట్లో ఉండే ఆమె బావ చెన్నయ్య కలిసి కొన్నది. అన్ని రోజులూ ఎస్తేరు నడుపుతుంది, ఆదివారం చెన్నయ్య నడుపుతాడు. అలాంటి ఒక ఆదివారం గడిచి తెల్లారాక, బీచుపల్లి దగ్గర ఎత్తులో కారు మొండికేసింది. ఇంజిన్ గొంతు చించుకుంటోంది, బండి మాత్రం కదలదు. కాలిన వాసనకు కూలీ ఆడవాళ్లంతా దగ్గుతూ దిగి, తోసుకుంటూ పక్కకు చేర్చారు.

చెన్నయ్య ఊరుకుంటాడా? "ఆడోళ్ల కాలు గంతే! మాసయ్య తాన తేల్చుకుందాం. తప్పు నీదైతే తాళంచెవి నాకియ్యాలె. మల్ల స్టీరింగ్ ముట్టొద్దు" అన్నాడు.

"నీదైతే?"

"నాదా!" అని చెన్నయ్య పడీపడీ నవ్వాడు.

 తాళంచెవి పోతే ఎస్తేరు బతుకు మళ్లీ ఎండలో కూలీకే.

కారును మెల్లగా షెడ్డుకు చేర్చేసరికి చాయ్ హోటల్ జనమంతా పోగయ్యారు. మాసయ్య హ్యాండ్ బ్రేకు లాగి, టాప్ గేరు వేసి, "సూడుండ్రి! ఇప్పుడు క్లచ్ ఇడుస్త. ప్లేటు మంచిగుంటే ఇంజిన్ టక్కున సచ్చిపోవాలె" అని కాలు ఎత్తాడు. ఇంజిన్ చావలేదు సరికదా హుషారుగా పాడుతూనే ఉంది. "పాయె! ప్లేటు పాయె!" అని జనం కేక పెట్టారు.

చదును రోడ్డు మీద బండి ఇంకా పాకుతుంది గనుక, తర్వాత ఇద్దరి చేతా చెరికాస్త దూరం నడిపించాడు. పక్కన కూర్చుని రోడ్డు చూడడు, కాళ్లే చూస్తాడు. ఎస్తేరు గేరు మార్చగానే వట్టి పాదం పక్కకు తీసి పెట్టింది. చెన్నయ్య వంతు వచ్చినప్పుడు వెనక సీట్లోంచి ఆమె తొంగి చూసింది. బావ పాదం గేరు మార్చినా పెడల్ దిగలేదు. పీట వేసుకున్నట్టు దాని మీదే కూర్చుంది. దొరికిండు! ఎస్తేరుకు కేక వేయాలనిపించింది.

షెడ్డు ముందు దిగగానే మాసయ్య చెయ్యి చాపాడు. చెన్నయ్య ముఖం అప్పటికే వాడిపోయింది. మందపాటి తోలు చెప్పు విప్పి ఇచ్చాడు.

"దొరికింది దొంగ! చెన్నయ్య కాలు ఎత్తుదామని సూస్తనే ఉన్నడు. గీ లావు అట్ట పెడల్‌ను వత్తి పట్టింది. మనిషికేం తెలుస్తది పాపం! థూ, సిగ్గులేనిదానా!"

చెన్నయ్య ముఖం వెలిగిపోయింది. "నేను గదే అనుకుంటున్న! చెప్పు మీదనే నాకు అనుమానముండె" అన్నాడు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. తర్వాత తల గోక్కుంటూ మరదలి చేతిలో తాళంచెవి పెట్టాడు. "చెప్పయితే నాదే గద ఎస్తేరూ. నువ్వే పట్టు. నేను గూడ చెప్పు ఇడిసి నడుపుడు నేర్సుకుంట. జర సూపియ్యి."

చెన్నయ్య చాయ్ తాగడానికి పోయాక ఎస్తేరు కారు పక్కన గొంతుక్కూర్చుంది. కింద పడుకుని మాసయ్య బోల్టులు విప్పుతున్నాడు.

"మామా, చెప్పు కాదు. మా బావ కాలే. నేను కండ్లార సూసిన."

"నేను సూడలేదా ఏంది?" లోపలి నుంచే మాసయ్య గొంతు. "పదిమందిల మనిషిని తిడితే ఆ కోపం ఇంటికొచ్చి ఎవరి మీద దిగుతది? నీ మీదనే. చెప్పును తిడితే ఎవ్వరి మీద దిగదు. కాలు కూడ మెల్లగ దారికొస్తది."

 ఎస్తేరుకు ఈ పిచ్చి మాసయ్య మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ ప్రేమలోనే తలెత్తి జైలు గోడ చూసింది. అక్కడ, ఖాకీ బూటు పక్కన, దుమ్ము పట్టిన నీలం చెప్పు.

"మామా! అయితే... నా నీలం చెప్పు?"

కారు కింద పానా చప్పుడు ఆగిపోయింది.

"గదా..." మాసయ్య గొంతు సవరించుకున్నాడు. "గది మాత్రం అసలైన దొంగ బిడ్డా. ఒట్టు!"

ఎస్తేరు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకు చెన్నయ్య చాయ్ గ్లాసుతో, ఒంటి చెప్పుతో కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది? ఏమైంది?"

"ఏం లేదు బావా, నీ చెప్పుకు జర శిక్ష తగ్గియ్యమని అడుగుతున్న."