ఓసాంగ్ బటన్

ఒలొంగపో అనే రేవు ఊరి పాటగాళ్ళకి ‘ప్లకాడో’ అనిపించుకోవడాన్ని మించిన మెప్పు లేదు. ప్లాకా అంటే గ్రామఫోన్ రికార్డు. రికార్డులో ఎలా ఉందో అచ్చం అలాగే, ఆవగింజంత తేడా లేకుండా వాయిస్తే ప్లకాడో. అమెరికా నౌకాదళం ఆ ఊళ్ళో ఉన్న రోజుల్లో, బార్లో కూచున్న నావికుడికి పాట తన ఊరి రేడియోలో విన్నట్టే వినిపించాలి. లేదంటే బీరుసీసా స్టేజీ మీదికి వచ్చేది. ఆ సీసాలు తప్పించుకుంటూ గిటారు నేర్చుకున్నవాడు పులోంగ్. జుట్టు నెరిశాక అందరికీ మాంగ్ పులోంగ్, అంటే పెద్దాయన పులోంగ్ అయ్యాడు.

అతని పక్కన నిలబడి పాడేది ఓసాంగ్, ఊళ్ళోవాళ్ళు మర్యాదగా అలింగ్ ఓసాంగ్ అంటారు. నౌకాదళం వెళ్ళిపోయింది, బార్లు మూతపడ్డాయి, తోటివాళ్ళు కొందరు జపానుకీ కొందరు దుబాయికీ పోయారు. వీళ్ళిద్దరే బర్రెటో బీచిలో ఒక రిసార్టు పట్టుకుని, సాయంత్రం భోజనాల వేళ టూరిస్టులకి ఆ పాటలే వినిపిస్తూ ముసలివాళ్ళయ్యారు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ వాళ్ళని ఉద్యోగులనలేదు. కాగితాల మీద వాళ్ళు ‘టాలెంట్’. వంటవాడికి సెలవుంటుంది, గేటు కాపలావాడికి బీమా ఉంటుంది, టాలెంటుకి చప్పట్లుంటాయి. మనిషిని ప్రతిభ అని పొగిడి హక్కులు ఎగ్గొట్టడం ఆ యాజమాన్యానికి ఉన్న అసలు ప్రతిభ.

ఒకరోజు మధ్యాహ్నం మేనేజర్ ఆర్లీన్ స్టేజీ మీద నల్లటి పెట్టె ఒకటి పెట్టించింది. దాని మీద వరసగా కాలితో నొక్కే బటన్లు.

“మాంగ్ పులోంగ్, మీ పాత యాంప్ బుర్రుమంటోందని గెస్టులు గొడవ చేస్తున్నారు. ప్రపంచంలో ఉన్న యాంపులన్నీ ఇందులో ఉన్నాయట. ప్రీసెట్లు, అన్నీ రెడీమేడ్. నొక్కితే చాలు.”

“వాయించొద్దా మరి?”

ఆమె నవ్వబోయి ఆగింది. “వాయించడానికి జోమెల్ ఉన్నాడుగా. గిటారు మీద నాలుగు కార్డులు పట్టడం వచ్చు. మీరు పాటకొక బటన్ సర్ది ఇస్తే మిగతాది వాడు చూసుకుంటాడు.”

జోమెల్ వెయిటరు, ఇద్దరు పిల్లల తండ్రి. వాయించినందుకు వాడికి అదనంగా ఇచ్చేదేమీ లేదు. వడ్డనతో పాటు అదీ ఒక పని.

పులోంగ్ తన గురించి ఏమీ అడగలేదు. “మరి ఓసాంగ్?” అన్నాడు.

“అలింగ్ ఓసాంగ్ ఉంటారు. గిటారు బాగుంటే చాలు, ఆవిడకేం?”

ఆ మాట కోసమే పులోంగ్ పెట్టె ముందు చతికిలబడ్డాడు. మొగుడు పోయాక ఓసాంగ్‌కి ఆ సాయంత్రాలే బియ్యం, ఆ సాయంత్రాలే మనుషులు.

ఒక్కో ప్రీసెట్ విన్నాడు. బాగుంది. ఏ మోత కోసం పడుచుతనంలో యాంప్‌లో ట్యూబులు మార్చి మార్చి వేళ్ళు కాల్చుకున్నాడో, అది ఇప్పుడు చెప్పు కింద పలుకుతోంది. తమ ఊరి బ్యాండులన్నిటి చెమటనీ ఎవరో డబ్బాలో పోసి మూత బిగించినట్టు అనిపించింది.

ఓసాంగ్ వెల్లుల్లి అన్నం, ఎండుచేప తెచ్చి పక్కన కూచుంది. “ఏమయ్యా, నీ గోరీకి నువ్వే సున్నం కొట్టుకుంటున్నావా?”

“కొడితే నీటుగా కొడతా. నీ పక్కన ఎవడు వాయించినా జనం ప్లకాడో అనాలి.”

“నా గొంతు ప్లకాడో కాదు కదా, ముసలాడా!”

ఇద్దరూ నవ్వుకున్నారు. పులోంగ్ ఆ మాట అక్కడితో వదిలేశాడు.

బటన్ల మీద తెల్ల టేపు అంటించి పాటల పేర్లు రాశాడు. ఆఖరి బటన్ మీద మాత్రం పాట పేరు రాయలేదు. రోజూ ఆవిడ చివర పాడే ప్రేమపాట అది. ‘ఓసాంగ్’ అని రాశాడు. దానికి రికార్డులో ఉన్న మోతనే, గాజుముక్కలా మెరిసేదాన్ని, ఏరి పెట్టాడు.

కొత్త ఏర్పాటు మొదలైన సాయంత్రం వెనక బల్ల దగ్గర గెస్టులా కూచున్నాడు. ఆఖరి పాటకి జోమెల్ ‘ఓసాంగ్’ నొక్కాడు. ప్లకాడో! పక్క బల్లవాళ్ళు ఫోన్లు ఎత్తారు. పాట పైస్థాయికి ఎక్కే చోట ఓసాంగ్ గొంతు చీలింది. ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ చీలింది. గిటారు మాత్రం గాజులా అలాగే నిలబడి ఉంది. గెస్టులు కంచాల్లోకి చూశారు.

పులోంగ్ చిటికెన వేలు గ్లాసు అంచు మీద తిరుగుతోంది. అప్పుడు తెలిసింది అతనికి. ఆవిడ ఆ చరణం దగ్గరికి రాగానే ఇన్నేళ్ళూ ఆ వేలే గిటారు గుండీ తిప్పి మోత తగ్గించేది. ఊపిరి తెగిన చోట తన స్వరం ఒకటి అడ్డం పెట్టేది. అది రికార్డులో లేదు. అందుకే పెట్టెలో పెట్టాలని తోచలేదు.

ఓసాంగ్ దిగివచ్చి ఎదురుగా కూచుంది. “గిటారు ప్లకాడో, పులోంగ్. నేనే తప్పిపోయా.”

“రేపు మారుస్తాలే. మెత్తగా పెడతా.”

“నా ఊపిరి రోజుకో చోట ఆగుతుంది. పెట్టెకేం తెలుస్తుంది?”

మర్నాడు పొద్దున్నే ఆర్లీన్ దగ్గరికి వెళ్ళాడు. “తప్పు నాది. ఆ ఒక్క పాటకి నన్ను కూచోనివ్వండి, ఊరికే వాయిస్తా.”

“గిటారు అద్భుతం అన్నారండీ గెస్టులు. గొంతు సంగతే ఆలోచిస్తున్నాం.”

ఓసాంగ్‌ని ఎవరూ తీసెయ్యలేదు. టాలెంటుని తీసెయ్యడమనేది ఉండదు. రావద్దని ఫోను చేశారు, అంతే.

కొన్ని వారాలకి పులోంగ్ తన యాంప్ తెచ్చుకోవడానికి వెళ్ళాడు. భోజనాల వేళ. మైకు స్టాండు లేదు. “జోమెల్, ఓసాంగ్ నొక్కు!” అని కేకేసింది ఆర్లీన్. జోమెల్ పులోంగ్‌ని చూశాడు. తల దించుకుని నొక్కాడు. ఎవరో అమ్మాయి పాడి, రికార్డు చేసి పంపిన గొంతు స్పీకర్లలోంచి ఎక్కడా చీలకుండా పైకి వెళ్ళిపోయింది.

బయట ట్రైసికిల్ బండి డ్రైవరు యాంప్ ఎక్కిస్తూ చెవి ఒగ్గాడు. “అలింగ్ ఓసాంగ్ గొంతు ఇవాళ భలే ఉందే, మాంగ్!”

పులోంగ్ యాంప్‌ని ఒళ్ళోకి లాక్కున్నాడు.

“పోనీ,” అన్నాడు.