పిట్టగోడ దయ్యానికి ఒక్క నక్షత్రం

దయ్యాలున్నాయా అని అడిగితే బాలత్రిపురసుందరి లేవనే చెబుతుంది. ఉంటే మాత్రం పద్ధతిగా ఉండాలంటుంది. ప్రేమ విషయంలోనూ ఆవిడ అభిప్రాయం దాదాపు ఇదే.

చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లుల వెనక వీధిలో, గాలి వీచినప్పుడల్లా గుమ్మంలో ముగ్గు మీద దూది మరో ముగ్గు వేసే ఇల్లు ఆవిడది. భర్త అనంతపద్మనాభం గారు పురోహితులు. ఆయన ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళు చేయించడానికి వెళ్ళినప్పుడల్లా, పెద్దలెవరూ ఒప్పుకోని పెళ్ళిళ్ళ గురించి ఆవిడ ఇంట్లో కూర్చుని చదువుకునేది. కాపురానికి వచ్చిన కొత్తలో బస్టాండు దగ్గర నజీర్ అద్దెపుస్తకాల కొట్టు ఉండేది. నవల తిరిగిచ్చేటప్పుడు ఆఖరి పేజీ అడుగున పెన్సిలుతో తీర్పు రాసి ఇవ్వడం ఆవిడ అలవాటు. “నాయకుడు మంచివాడే గానీ పనీపాటా లేదు.” “ఈ మంత్రగాడు నిమ్మకాయలకి పెట్టిన ఖర్చుతో ఒక పిల్లకి పెళ్ళి చెయ్యొచ్చు.” కొన్నాళ్ళకి పేటలో ఆడవాళ్ళు పుస్తకం చేతిలోకి తీసుకోగానే ముందు ఆఖరి పేజీ తిప్పడం మొదలుపెట్టారు.

నజీర్ లబోదిబోమన్నాడు. “అమ్మా, మీరు బాలేదని రాస్తే ఆ పుస్తకం మళ్ళీ కొట్టు గడప దాటట్లేదమ్మా. కాస్త చూసీ చూడనట్టు పొండి.”

“చూసీ చూడనట్టు పోయేదాన్నయితే అద్దె కట్టి చదవడం దేనికి నాయనా? బాగున్నవి తెప్పించు.”

కాలక్రమంలో నజీర్ కొట్టు పోయి అక్కడ సెల్‌ఫోన్ల షాపు వెలిసింది. ఆవిడ చేతికీ ఓ ఫోను వచ్చింది. అందులో కథల యాప్ ఒకటి, ఆ యాప్‌లో ఊరికి పది మంది చొప్పున రచయిత్రులు. పంచాంగంలో ఇరవై ఏడు నక్షత్రాలతో నడిచే ఆ ఇంట్లో, కథలకి ఐదే నక్షత్రాలుండటం ఆవిడకి మొదట చాలలేదు. తర్వాత చూస్తే అవీ ఎక్కువేననిపించింది. అందరూ “సూపర్ అక్కా” అని ఐదేసి వెదజల్లుతుంటే ఆవిడ ఒకటో రెండో ఇచ్చేది. మూడిస్తే ఆ రచయిత్రి వంశం తరించినట్టు. ప్రతి సమీక్ష కిందా “బాలత్రిపురసుందరి, చిలకలూరిపేట” అని సంతకం ఉండేది. పేరూ ఊరూ లేకుండా మాట అనేస్తే అది ఆకాశరామన్న ఉత్తరమవుతుందని ఆవిడ నమ్మకం.

ఆ సంతకమే కొంప ముంచింది.

కొడుకు ఆత్రేయకి ముప్పై రెండేళ్ళు. వేదం చదువుకున్నాడు, తండ్రితో పాటు పౌరోహిత్యం చేస్తున్నాడు, కంఠం బాగుంటుంది, వక్కపలుకు అలవాటు కూడా లేదు. పేటలో అతని వయసు కుర్రాళ్ళలో సగం మంది చేత మూడుముళ్ళు వేయించినవాడు. తనకి మాత్రం సంబంధం కుదరడం లేదు. “పురోహితుడా? పిలకుంటుందా?” అని ఒకరు, “బైకు మీద పంచెతో వస్తాడా?” అని ఇంకొకరు. పోయినేడు ఒక పిల్ల ఫొటో చూసి బాగున్నాడంది. వృత్తి విని, ఫొటో కూడా బాలేదంది. అప్పట్నుంచి ఆ ఇంట్లో పొద్దున దీపం పెట్టేటప్పుడు ముగ్గురి కోరికా ఒక్కటే.

ఇలా ఉండగా సుందరి తమ్ముడు సాయిరాం ఫోన్ చేశాడు.

“అక్కా, దర్శిలో సంబంధం. పిల్ల పేరు శ్రీదుర్గ. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. పౌరోహిత్యమైనా పరవాలేదందట.”

“పరవాలేదందా? ఏమిట్రా లోపం?”

“లోపమేం లేదే తల్లీ! ఆదివారం చూసుకోవడానికి రమ్మన్నారు. ఆ, ఇంకోటి, నీకు నచ్చుతుంది. కథలు కూడా రాస్తుందట. ఏదో పేరు పెట్టుకుంది... మంచుపువ్వు.”

సుందరి ఫోను పెట్టేసి యాప్ తెరిచింది. దర్శిలో మంచు పడిన దాఖలాలు చరిత్రలో లేవు, పువ్వు సంగతి సరే. కానీ ‘మంచుపువ్వు’ రాసిన ‘పిట్టగోడ మీద పెళ్ళికొడుకు’ అనే దయ్యపు ప్రేమకథకి కిందటి వారమే ఆవిడ ఒక్క నక్షత్రం ఇచ్చింది. ఆ సమీక్ష ఇది:

“నాయకుడు వాళ్ళ ఊరి సాగర్ కాలవలో పడి చనిపోయాడు. చాలా విచారం. సంవత్సరీకం కూడా అయిపోయిందని రచయిత్రే రాసింది. అంటే పన్నెండో రోజు తంతుతో అతను పితృదేవతల్లో కలిసినట్టు. కలిసినవాడికి నాయిక ఇంటి పిట్టగోడ మీద ఏం పని? పోనీ, వచ్చాడే అనుకుందాం. ఇద్దరూ మిరపకల్లంలో అరగంట కౌగిలించుకుని నిలబడ్డారు. ఎండుమిరపకాయల మధ్య ఒక్క తుమ్ము లేదు. దయ్యానికి రాకపోవచ్చు. పిల్లకేమైంది? భాష బాగుంది. నక్షత్రం దానికే. బాలత్రిపురసుందరి, చిలకలూరిపేట.”

సాయంత్రం ఇంట్లో సభ జరిగింది.

“తీసెయ్యవే,” అన్నారు అనంతపద్మనాభం గారు. “దాందేముంది, వేలితో నొక్కితే పోతుంది.”

“పోతే? చదివినవాళ్ళకి ఏం చెప్పను?”

“తీయకపోతే పోనీ, ఐదు చెయ్యమ్మా,” అన్నాడు ఆత్రేయ. అతని గొంతులో నమకం చదివేటప్పటి ఆర్తి ఉంది.

“ఒరేయ్, ముహూర్తం బాలేదని నువ్వు చెప్పాక, సంభావన ఎక్కువిస్తామంటే బాగుందని మారుస్తావుట్రా?”

ఆత్రేయ తండ్రి వైపు చూశాడు. తండ్రి ఉత్తరీయం సర్దుకుని, పంచాంగంలో అవసరం లేని పేజీ ఒకటి తీశారు.

“నీ కొడుకు పెళ్ళి కన్నా దయ్యం ఎక్కువా నీకు?” అని చివరికి గొణిగారాయన.

ఆ మాట సుందరికి గుచ్చుకుంది. రాత్రి పడుకోబోయే ముందు ఫోను తీసి, ఆ ఒంటి నక్షత్రాన్ని చాలాసేపు చూసింది. వేలు దాని దాకా వెళ్ళింది. ‘తుమ్ము లేదు కదా’ అనుకుంది. వేలు వెనక్కి వచ్చేసింది.

ఆదివారం కారులో బయల్దేరారు. అద్దంకి దాటాక సాయిరాం ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి ఉపదేశం చేశాడు. “అక్కా, బజ్జీలు తిను, కాఫీ తాగు, పిల్ల బాగుందని చెప్పు. సాహిత్యం జోలికి పోకు. దండం పెడతా.”

“వాళ్ళు అడక్కపోతే నేనెందుకు పోతానురా?”

దర్శిలో మర్యాదలు ఘనంగా జరిగాయి. కేసరి, మిరపకాయ బజ్జీలు, కాఫీ వచ్చాయి. శ్రీదుర్గ కూడా వచ్చింది. చామనఛాయ, కళ్ళజోడు, తల వంచుకోవడం అంతగా అలవాటు లేని మనిషి. కూర్చుంటూనే ముందు పెళ్ళికొడుకుని కాదు, పెళ్ళికొడుకు తల్లిని చూసింది.

“ఆంటీ, ఆ ఒక్క స్టారు మీదేనా?”

సాయిరాం చేతిలో బజ్జీ అక్కడే ఆగిపోయింది. ఆత్రేయ కళ్ళు మూసుకున్నాడు.

“నాదేనమ్మా,” అంది సుందరి. “పేరు రాశానుగా.”

“నేనూ అదే అనుకున్నా. పేట నుంచి బాలత్రిపురసుందరి గారబ్బాయి అనగానే, రమ్మనండి నాన్నా అన్నాను. మిమ్మల్ని ఓ మాట అడుగుదామని.” అంటూనే ఆత్రేయ వైపు తిరిగింది. “మీక్కూడా థాంక్సండి. మొన్న మీ పేరుతోనే ఐదు స్టార్లిచ్చారు. ‘సూపర్ మేడమ్, నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు’ అన్నారు.”

“అవునండి,” అన్నాడు ఆత్రేయ నీరసంగా.

“ఆ కథ అయిపోయి రెండు నెలలైందండి. ఆఖర్న పెద్దక్షరాలతో సమాప్తం అని కూడా రాశాను. నెక్స్ట్ పార్ట్ ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?”

సుందరి కొడుకు వైపు చూసిన చూపులో, చిన్నప్పుడు అతను సంధ్యావందనం ఎగ్గొట్టి వచ్చినప్పటి చూపే ఉంది.

“చదవకుండా ఐదిచ్చావుట్రా?”

“మొదటి భాగం చదివానమ్మా...”

“సంబంధం పోయింది,” అన్నాడు సాయిరాం, బజ్జీని పళ్ళెంలో పెట్టేస్తూ.

“ఉండండంకుల్,” అంది శ్రీదుర్గ. “నా ప్రశ్న అవలేదు. ఆంటీ, మూడో భాగంలో కాలవలో శవం దొరకలేదని రాశాను. చూశారా?”

“చూశాను. దొరక్కపోతే మోదుగాకులతో బొమ్మ చేసి దహనం చేస్తారు. అదేం కొత్తా?”

“చేశారని రాశానా నేను?”

పురోహితుడి ఇంట్లో ముప్పై అయిదేళ్ళు కాపురం చేసిన మనిషికి, కర్మ చెయ్యడం గురించి ఎవరైనా విడిగా రాయాలన్న ఆలోచనే తట్టలేదు. అన్నం తిన్నాడంటే చెయ్యి కడుక్కున్నాడని రాస్తారా?

“సంవత్సరీకం చేశారన్నావుగా?”

“చేశారు. బాబాయిలు చేశారు, ఊరివాళ్ళ నోళ్ళు మూయించడానికి. బొమ్మకి మాత్రం వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. కొడుకు వస్తాడని రోజూ కంచం పెడుతుంది. ఐదో భాగంలో కంచం ఉంది చూడండి.”

కంచం సుందరికి గుర్తుంది. ఎవరి కంచమో తేల్చకుండా వదిలేశారని అప్పుడు చిరాకు పడింది కూడా. తన కొడుకు తలవంచుకుని ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. ఆవిడ అతని వైపు ఒకసారి చూసి, భర్త వైపు తిరిగింది.

“ఏమండీ, బొమ్మకి దహనం చెయ్యకుండా సంవత్సరీకం పెడితే చెల్లుతుందా?”

“శుభమా అని పెళ్ళిచూపులకి వచ్చి శవాలేమిటక్కా!” అని సాయిరాం తల పట్టుకున్నాడు.

అనంతపద్మనాభం గారు మాత్రం కేసరి గిన్నె పక్కన పెట్టారు. ఆయన జీవితంలో ఇంట్లోవాళ్ళు ఆయన్ని శాస్త్రం అడగడం ఇదే మొదటిసారి. వెన్ను నిటారుగా పెట్టి, కాసేపు కళ్ళు మూసుకుని, తీర్పు చెప్పారు.

“చెల్లదు. మొదటిది లేకుండా తర్వాతవేవీ అంటవు. ఆ అబ్బాయికి ఇంకా దారి ఏర్పడలేదు. తిరగొచ్చు.”

“పిట్టగోడ మీద?”

“పిట్టగోడ మీద కూడా.”

శ్రీదుర్గ తండ్రి ఈ సంభాషణ ఎటు పోతోందో తెలియక మరిన్ని బజ్జీలు తెప్పించారు. సుందరి కూతుర్ని చూసినట్టు శ్రీదుర్గని చూసింది. “తప్పు నాదేనమ్మా. కానీ ఆ ముక్క అక్కడే రాస్తే నీ సొమ్మేం పోయింది?”

“అక్కడే చెప్పేస్తే ఆ కంచం ఎవరిదా అనుకుంటూ ఆఖరిదాకా ఎవరు చదువుతారాంటీ?”

“అదీ నిజమే. మరి తుమ్మో?”

శ్రీదుర్గ మొదటిసారి తల వంచుకుంది. చూసినవాళ్ళు సిగ్గనుకున్నారు.

ఇంటికి చేరాక ఫోన్ వస్తుందేమోనని తండ్రీకొడుకులు హాల్లో చెరో మూలా కూర్చున్నారు. సాయిరాం కాఫీ కూడా వద్దన్నాడు. సుందరి మాత్రం చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని సమీక్ష దిద్దింది.

“సవరణ. దయ్యం తిరగడం న్యాయమే. కర్మ జరిగిందని నేను ఊహించుకున్నాను, రచయిత్రి అనలేదు. తప్పు నాది. అందుకు ఇంకో నక్షత్రం. మిరపకల్లం విషయంలో నా మాట నాదే.”

ఐదు చేస్తుందేమోనని భుజం మీదుగా తొంగిచూసిన అనంతపద్మనాభం గారు, రెండు చూసి నిట్టూర్చి వెళ్ళిపోయారు.

దీపాలు పెట్టే వేళకి ఫోను టింగుమంది. కాల్ కాదు, యాప్. సుందరి చదువుకుని, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

“ఎవరమ్మా?” అన్నాడు ఆత్రేయ, లేచి నిలబడి.

“మంచుపువ్వు. తుమ్ము ఒప్పుకుందిరా. దిద్దుతానంది.”

“మరి... నా సంగతి?”

ఆవిడ ఫోను కొడుకు చేతిలో పెట్టి, దీపం కుందులు తీసుకుని దేవుడి గదిలోకి నడిచింది.

“దాని కింద ‘అత్తయ్య గారూ’ అని మొదలుపెట్టి ఇంకా ఏదో రాసింది. నువ్వే చదువుకో. ఈసారైనా ఆఖరిదాకా చదువు.”