ఆ గుంపులో నా పేరు

చొప్పదండిలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నాయన మరమగ్గాల మనిషి. నా ఒళ్లోని కాగితాన్ని చాలాసేపు చూసి, "గదేంది సారూ?" అన్నాడు.

కంప్యూటర్‌కిచ్చే కమాండ్ అన్నాను. నేను తయారుచేసిన ఫైళ్లను, కంప్యూటర్‌లో పక్క సెక్షన్‌వాళ్ల పేర్లన్నీ కలిపి పెట్టిన గుంపు పేరు మీదికి మార్చాలి. ఫైళ్లు నావే. అయినా మూడు రోజులుగా యంత్రం నాకు అనుమతి లేదంటోంది. పక్క సెక్షన్‌లో పనంతా ఆగిపోయింది. మా ఆఫీసు పెద్దసారు దాన్ని నా చేతగానితనం కింద జమకట్టాడు.

ఆయన వేలికి చుట్టుకున్న నూలుపోగును విప్పుతూ ఆలోచించాడు.

"గా గుంపుల నీ పేరున్నదా సారూ?"

"లేదు. ఇచ్చేవాణ్ని, నా పేరెందుకు?"

"మా సంఘంల పేరు లేనోడు మగ్గం ఉత్తగిస్తనన్నా మేం షెడ్డుల వెట్టుకోం. ముందుగాల సంఘంల చేరాలె, అటెనుక ఇయ్యాలె."

నాకు నవ్వొచ్చింది. యంత్రానికీ మగ్గాల సంఘానికీ పోలికేమిటనుకున్నాను.

మర్నాడు పెద్దసారుకు చెప్పి ఆ గుంపులో నా పేరు చేర్పించుకుని, అదే కమాండ్ మళ్లీ కొట్టాను. యంత్రం ఏమీ అనలేదు. పని జరిగితే అదేమీ అనదు.

ఈ సంగతి ఎక్కడ నేర్చుకున్నావని పెద్దసారు అడిగాడు. పుస్తకంలో చదివానన్నాను.