రేపల్లె నుంచి తొమ్మిది నిమిషాలు

మా పాపకి రెండేళ్లు నిండి నాలుగు నెలలైనా ఒక్క మాటా రాలేదు. ఏడ్చేది, నవ్వేది, ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి లాక్కుపోయేది. "అమ్మ" మాత్రం అనలేదు. తెనాలిలో మేముండే అపార్టుమెంటులో కింది అంతస్తు పిల్లాడు దానికంటే నెలన్నర చిన్న. లిఫ్టులో కనిపిస్తే చాలు, "ఆంటీ, మా నాన్న బండి కొన్నాడు" అని కబుర్లు మొదలుపెట్టేవాడు. వాడి బుగ్గ గిల్లి, ముద్దు చేసి, ఇంట్లోకొచ్చి తలుపేసుకునేదాన్ని. కొన్నాళ్లకి లిఫ్టు ఎక్కడం మానేసి, పాపని చంకనేసుకుని మెట్లు దిగడం అలవాటు చేసుకున్నాను.

మా అమ్మ ఫోను చేసి ఒకరోజు "ఆడపిల్లలకి మాటలు తొందరగానే రావాలే" అనేది. నేను ఫోను టక్కున పెట్టేస్తే మర్నాడు "మీ చిన్న మావయ్యకి నాలుగేళ్లదాకా రాలేదు, ఇప్పుడు ఆపమన్నా ఆపడుగా" అనేది. ఏ రోజు ఏది అంటే ఆ రోజంతా దాన్నే తలుచుకుంటూ ఉండేదాన్ని. చివరికి పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

ఆవిడ ముందు చెవుల పరీక్ష చేయించారు. వినికిడి బాగానే ఉంది. అన్నీ చూశాక తాపీగా అడిగారు.

"ఇంట్లో పాపతో ఎవరు మాట్లాడతారమ్మా?"

"నేనేనండి. రోజంతా ఇంట్లోనే ఉంటాను."

"ఏం మాట్లాడతారు?"

మా ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. మా ముగ్గురిలో మాట రానిది ఎవరికో ఆ నిమిషంలో చెప్పడం కష్టం.

"ఫోనులో బొమ్మలు చూపించడం ఆపెయ్యండి. మూడు నెలలు చూద్దాం. అప్పటికీ రాకపోతే గుంటూరులో స్పీచ్ థెరపీకి రాసిస్తాను. భయపడకండి" అన్నారు.

భయపడకండి అన్నది నా చెవిన పడలేదు. మూడు నెలలన్నదే పడింది. ఇంటికి రాగానే క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టాను.

మర్నాడు పొద్దున్నుంచి మా ఇంటిని చెవులప్పగించి విన్నాను. పాలాయన ప్యాకెట్లు గుమ్మానికి తగిలించిన సంచిలో వేసి ఫొటో పెట్టాడు. నేను బొటనవేలి బొమ్మ పెట్టాను. కూరగాయలామె ఏమేం వచ్చాయో గ్రూపులో పెట్టింది. అరకిలో బెండకాయలని కొట్టాను. అపార్టుమెంటు గ్రూపులో నీళ్ల మోటారు ఎవరు కట్టెయ్యలేదన్న గొడవ మధ్యాహ్నం దాకా సాగింది, నేనూ రెండు ముక్కలు వడ్డించాను. కాలేజీ స్నేహితురాలు కొత్త చీర ఫొటో పెడితే పూలూ గుండెలూ కురిపించాను. మా ఆయనకి బాపట్లలో ఉద్యోగం, రోజూ రైల్లో వెళ్లొస్తారు. "ఎక్కా", "నిడుబ్రోలు", "దిగా" అని మూడు ముక్కలు పంపుతారు. నేను మూడు బొటనవేళ్లు పంపుతాను. సాయంత్రం ఆయన హాల్లో ఉన్నారు, నేను వంటింట్లో ఉన్నాను. ఫోను గుర్రుమంది. చూస్తే "టీ?" అని ఉంది. తడివేలితో "2 ని." అని కొట్టాను.

అప్పుడు తల తిప్పి చూశాను. పాప నేలమీద కూర్చుని గిన్నె మూతని రెండు చేతుల్తో మొహానికెదురుగా పట్టుకుంది. దాని మీద బొటనవేళ్లు రెండూ చకచకా కదుపుతోంది. పొద్దున్నుంచి నేను ఎంతమందితోనో మాట్లాడాను. ఇంట్లో వినపడింది కుక్కరు కూత ఒక్కటే.

ఆ రోజు నుంచి మాట్లాడదామని కూర్చున్నాను. "ఇది స్పూను. ఇది గిన్నె. ఇది ఫ్యాను, గిరగిరా తిరుగుతుంది." పది నిమిషాల్లో ఇంట్లో సామానంతా అయిపోయింది. డిగ్రీలో సెమినార్లు ఇచ్చినదాన్ని, రెండేళ్ల పిల్ల ముందు చెప్పడానికి మాటల్లేక కిటికీ ఊచలు లెక్కపెట్టాను. పాప కాసేపు మర్యాదకి కూర్చుని, లేచి మూత తెచ్చుకునేది.

ఈ హడావుడిలో నేను చేసిన ఇంకో పని, అత్తయ్య వీడియో కాల్ ఆపెయ్యడం. డాక్టరు ఆపమన్నది బొమ్మల్ని. భయంలో నేను మా అత్తయ్య మొహాన్ని కూడా ఆ లెక్కలో కలిపేశాను. అత్తయ్యది రేపల్లె. ఇంటి వరండాలోనే జాకెట్లు కుడతారు. నగరం నుంచీ చెరుకుపల్లి నుంచీ కూడా పెళ్లి జాకెట్లు ఆవిడ దగ్గరికే వస్తాయి. ముహూర్తాల రోజుల్లో రైలెక్కి రావడానికి ఖాళీ ఉండదు. రోజూ సాయంత్రం అయిదు నిమిషాలు వీడియోలో మనవరాలిని చూసుకుని మళ్లీ మిషను తొక్కేవారు. వరసగా మూడు రోజులు నేను కాల్ ఎత్తకపోయేసరికి మామూలు ఫోను చేశారు.

"ఏంటమ్మాయ్, పిల్ల కులాసానా?"

"కులాసాయే అత్తయ్యా. డాక్టరు గారు వీడియోలు వద్దన్నారు."



"నా మొహం చూస్తే మాటలు రావన్నారా?"

"అబ్బే, అలా కాదత్తయ్యా..."

"సర్లే. మొహం వద్దు. గొంతుకి ఫరవాలేదుగా?"

అలా వాయిస్ మెసేజిలు మొదలయ్యాయి. అత్తయ్య అయిదో తరగతితో చదువు ఆపేశారు, ఫోనులో అక్షరాలు కొట్టడం రాదు. మైకు బొమ్మని నొక్కి పైకి జరిపితే వేలు తీసేసినా రికార్డవుతూనే ఉంటుందని ఆవిడకి ఒక కస్టమరు నేర్పింది. చేతులు గుడ్డ మీద ఉంటాయి కదా, ఆ పద్ధతి ఆవిడకి తెగ నచ్చింది. ఆపడం మాత్రం గుర్తుండేది కాదు. పాపని "బంగారం, అన్నం తిన్నావా, నాన్న వచ్చాడా" అని ఒక నిమిషం పలకరించి పనిలో పడిపోయేవారు. మళ్లీ ఫోనుతో అవసరం పడినప్పుడు చూసుకుని పంపేవారు. ఏడు నిమిషాలు, తొమ్మిది నిమిషాలు ఉండేవి.

నేను వాటిని రెండింతల వేగంతో పెట్టి వినేసేదాన్ని. ఎవరి వాయిస్ వచ్చినా అలా వినడమే నాకు అలవాటు. అత్తయ్య గొంతు చిలక గొంతులా కీచుకీచుమని నాలుగు నిమిషాల్లో అయిపోయేది. పాప పట్టించుకునేది కాదు. నేను "సరే అత్తయ్యా" అని కొట్టేదాన్ని, ఆవిడకి చదవడానికి కష్టమని కూడా తోచకుండా.

ఒకరోజు చపాతీ పిండి కలుపుతుంటే మెసేజి వచ్చింది. ముంజేతితో ఎలాగో తెరిచి ఫోను అలమర మీద నిలబెట్టాను. వేగం పెంచడానికి వేళ్ల నిండా పిండి. తొమ్మిది నిమిషాలూ అసలు వేగంతోనే నడిచింది.

పలకరింపు అయిపోయింది. మిషను టకటకమంది. ఎవరో ఆడమనిషి వచ్చి చేతులు బిగుతయ్యాయని తగువు పెట్టుకుంది. "జాకెట్టు బిగుతవలేదమ్మా, నువ్వు కాస్త ఒళ్లు చేశావు, మంచిదేగా" అన్నారు అత్తయ్య. ఆమె నవ్వేసింది. కత్తెర కరకరలాడింది. అంతలో అత్తయ్య గొంతెత్తి పిలిచారు.

"వదినా! ఓ వదినా! హుక్కులయ్యాయా?"

గోడ అవతల నుంచి జవాబొచ్చింది. "వస్తన్నా వదినా, పాలు పొంగుతున్నాయి!"

ఆవిడ పక్కింటి ముస్లిం ఆవిడ. అత్తయ్య కుట్టిన జాకెట్లకి హుక్కులూ హెమ్మింగూ ఆవిడే చేస్తుంది. నేను కాపరానికి రాకముందు నుంచీ వాళ్లిద్దరూ ఆ పిట్టగోడ మీదుగా ఒకరినొకరు అలాగే పిలుచుకుంటున్నారు.

చూస్తే పాప మూత కింద పెట్టేసి అలమర కింద నిలబడి ఉంది. మొహం పైకెత్తి, నోరు కొంచెం తెరుచుకుని, మెసేజి అయిపోయేదాకా అలాగే వింది. అయిపోగానే నా చెయ్యి పట్టుకుని ఫోను వైపు లాగింది.

నా కాళ్లు నేలమీద ఆనలేదు. వెంటనే అత్తయ్యకి ఫోను చేశాను. ఇక్కడే నా తెలివి ఉపయోగించాను.

"అత్తయ్యా, పాప మీ గొంతు వింటోంది. అయితే ఆ తగువులూ హుక్కులూ వద్దు. నెమ్మదిగా ఒక్కొక్క మాటే చెప్పండి. అమ్మ, నాన్న... అలాగ."

"బళ్లో పంతులమ్మలాగానా?"

"ఆ, అలాగే."

మర్నాటి మెసేజిలో మిషను చప్పుడు లేదు. అత్తయ్య గొంతు కాదనిపించేంత బిగుసుకుపోయిన గొంతుతో "అమ్మ. నాన్న. ఆవు. ఇల్లు. చెంచా" అని వినిపించింది. పాప ఆవు దగ్గరే లేచి వెళ్లిపోయింది. చెంచా తర్వాత అత్తయ్య పెద్దగా ఊపిరి వదిలారు. ఆపడం ఈసారీ మర్చిపోయారు. "వదినా, టీ పెట్టావా? చచ్చాననుకో ఈ పాఠం చెప్పలేక. డాక్టరూ కోడలూ కలిసి నన్ను బళ్లో వేశారు" అన్నారు. గోడ అవతలావిడ పగలబడి నవ్వింది. పాప హాల్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చి అలమర కింద నిలబడింది.

నేనూ నవ్వాను. తర్వాత సిగ్గేసింది. "అత్తయ్యా, పాఠం వద్దు. మీ ఇష్టం వచ్చినట్టు మాట్లాడండి, ఎంతసేపైనా ఫరవాలేదు" అని ఈసారి అక్షరాలు కొట్టకుండా వాయిస్ పెట్టాను. ఆవిడకి నేను పంపిన మొదటి వాయిస్ అదే. నా గొంతు నాకే కొత్తగా అనిపించింది.

అప్పటి నుంచి రోజూ వంట చేస్తూ రేపల్లె వరండా వినేవాళ్లం. మధ్యలో నేను పాపకి చెప్పేదాన్ని, "చూడవే, ఆవిడకి మెడ నచ్చలేదట, మీ నానమ్మ ఇప్పుడేమంటుందో చూడు" అని. అలా చెప్పేటప్పుడు మాటల కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది. మా ఆయనతో కూడా "టీ కావాలంటే నోటితో అడగండి" అని కచ్చితంగా చెప్పేశాను. మొదట్లో ఆయన అడగలేక టీ మానేశారు. మూడో రోజుకి "ఏమోయ్, టీ!" అని కేక పెట్టారు.

రెండు నెలలు దాటాయి. మాట లేదు. ఎర్రసున్నా దగ్గరపడుతోంది. ఒక ఉదయం నేను గదిలో బట్టలు మడతపెడుతున్నాను. పాప బాల్కనీలో గ్రిల్లు పట్టుకుని నిలబడి ఉంది. ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, మెడ చాచి, అచ్చం అత్తయ్య రాగంతో కేక పెట్టింది.

"దినా! ఓ... దినా!"

మడతపెట్టిన బట్టలన్నీ కిందపడ్డాయి. నేను బాల్కనీలోకి వెళ్లేసరికి పక్క ఫ్లాటు బాల్కనీలోకి ఒకావిడ వచ్చి నిలబడి ఉంది. ఏడాదిగా పక్కపక్కనే ఉన్నాం. నీళ్ల మోటారు గొడవలో బొటనవేళ్లు ఇచ్చిపుచ్చుకోవడమే తప్ప ఎప్పుడూ పలకరించుకోలేదు. ఆవిడ చేతిలో ఇడ్లీ గరిటె ఉంది.

"ఏంటి వదినా, పిలిచావా?" అంది పాపతో, నవ్వుతూ.

నేను ఏడ్చేశాను. ఆవిడ కంగారుపడింది. "అయ్యో, ఏమైందండి?" అంటూ గరిటెతోనే మా ఇంటికొచ్చింది. చెప్పడానికి అరగంట పట్టింది. ఈలోపు ఆవిడ ఇడ్లీలు మాడాయి.

ఆ సంగతి రేపల్లెకి వాయిస్‌లో చెప్పాను. జవాబులో ముందు మిషను ఆగిన చప్పుడు. తర్వాత "వదినా! ఓ వదినా! హుక్కులు పక్కన పెట్టి ఇలా రా! పిల్ల నన్ను పిలవలేదు, నిన్ను పిలిచింది!" అని కేక.

అది జరిగి మూడు వారాలు. ఇప్పుడు "దినా", "రా", "పాలు" వచ్చాయి. నన్నూ "దినా" అనే పిలుస్తోంది. పలుకుతున్నాను. అయినా లోపల ఒక ఆశ ఉంటుంది కదా, దాని గురించి ఎవరితోనూ అనలేదు.

ఎల్లుండి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఈ మధ్యాహ్నం అత్తయ్యకి ఆ విషయమే వాయిస్ పెడుతూ, పక్క ఫ్లాటు ఆవిడ పిలిస్తే బాల్కనీలోకి వెళ్లి, ఫోను వంటింటి గట్టు మీద వదిలేశాను. ఆపలేదు. ఎప్పుడో చూసుకుని అలాగే పంపేశాను. సాయంత్రం అత్తయ్య ఫోను చేశారు.

"అమ్మాయ్, నీది నాకంటే పొడుగైపోతోంది. ఆరో నిమిషం విన్నావా?"

"లేదత్తయ్యా, ఏముంది?"

"పరుగులు పెట్టించకుండా విను" అని ఫోను పెట్టేశారు. రెండింతల వేగం సంగతి ఆవిడకి ఎప్పుడు తెలిసిందో!

పాప పడుకున్నాక ఇది రాసేముందు విన్నాను. కుక్కరు కూత. బాల్కనీలో నా గొంతు, గోంగూరలో కారం ఎంత వెయ్యాలో పక్క ఫ్లాటు ఆవిడకి చెబుతోంది. చిన్న అడుగుల చప్పుడు. గిన్నె మూత కిందపడిన చప్పుడు. తర్వాత దగ్గరగా, స్పష్టంగా, "అమ్మా."

దాని వెనకే నా గొంతు. రోజూ వినే పిలుపుకి పలికినట్టు, మాట ఆపకుండానే.

"ఉండవే, వస్తున్నా."